363వ నంబరు వెనుక ఎవరు?

2007 సెప్టెంబరులో ఒక ఆన్‌లైన్ పేకాట సైటు తన ఆటగాడికి ఒక ఎక్సెల్ ఫైలు పంపింది. అందులో 65,000కు పైగా వరసలున్నాయి. ఆ రోజుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్న ఎక్సెల్‌లో ఒక షీటుకు పట్టేవే 65,536 వరసలు. అంటే షీటు దాదాపు అంచుల దాకా నిండిపోయింది. ఆటగాడు అడిగింది అంత కాదు. వెయ్యి డాలర్ల ప్రవేశ రుసుముతో జరిగిన టోర్నమెంటులో అతను రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం పట్టుకుపోయిన 'పాట్‌రిప్పర్' అనే ఖాతా మీద అనుమానం వచ్చి, తన ఆటల చిట్టా పంపమన్నాడు. వచ్చిన ఫైలులో మాత్రం అందరి చేతుల్లోని ముక్కలూ, ఎవరెవరు ఎక్కణ్ణుంచి ఆడారో చెప్పే ఐపీ చిరునామాలూ, ఆడకుండా బల్ల పక్కన కూర్చుని చూసినవాళ్ల ఖాతా నంబర్లూ ఉన్నాయి.

ఆ సైటు పేరు అబ్సల్యూట్ పోకర్. నడిచేది మధ్య అమెరికాలోని కోస్టారికా నుంచి. లైసెన్సు కెనడాలోని ఒక మోహాక్ ఆదివాసీ ప్రాంతానిది. యజమాని ఎవరో ఆడేవాళ్లలో చాలామందికి తెలియదు. ఆన్‌లైన్ జూదంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'మోసం జరిగిందా' అని. రెండోది, మరీ కష్టమైనది, 'ఎవర్ని పట్టుకోవాలి' అని. ఆ రెండింటినీ అంకెలతోనే ఛేదించాలని చూసిన అరుదైన సందర్భం ఇది. అందుకే 2007 నాటి ఈ కథతో మొదలుపెడుతున్నాను.

ఆ ఫైలు ముందు కూర్చున్నది పోలీసులు కాదు, ఆటగాళ్లే. వాళ్లకు కనిపించింది ఇది. పాట్‌రిప్పర్ మొదటి రెండు పంపకాల్లో ముక్కలు పడేసి తప్పుకున్నాడు. అంతలో ఆట చూడటానికి ఒక ఖాతా వచ్చి చేరింది, నంబరు 363. అక్కణ్ణుంచి సుమారు ఇరవై నిమిషాల పాటు పాట్‌రిప్పర్ బల్ల మీద ముక్కలు తెరవకముందే తప్పుకున్నది ఒక్కసారి కూడా లేదు. ఆ తర్వాత ఒకసారి తప్పుకున్నాడు. సరిగ్గా ఆ పంపకంలో ఎదుటివాడి చేతిలో రెండు రాజులున్నాయి.

ఈ ఆట తెలియనివారికి ఒక మాట. ఇందులో ప్రతి ఒక్కరికీ రెండు మూసిన ముక్కలు పడతాయి. నిదానంగా ఆడేవాళ్లు పదింటిలో ఏడెనిమిదిసార్లు ఆ రెండు ముక్కలూ చూసి అక్కడే వదిలేస్తారు. ప్రతి పంపకంలోనూ దిగేవాడు చేతిలో డబ్బు త్వరగా ఖాళీ చేసుకుంటాడు. పాట్‌రిప్పర్ అన్నిట్లోనూ దిగి గెలుస్తున్నాడు. దిగకూడని ఆ ఒక్క పంపకంలో మాత్రం దిగలేదు. ఎదుటివాళ్ల ముక్కలు కనిపిస్తే తప్ప ఇలా ఆడటం కుదరదు.

363 అనే అంకె మరో సంగతి చెప్పింది. ఖాతాలకు నంబర్లు వరసగా పడతాయి. పెద్ద సైటులో అంత చిన్న నంబరంటే అది సైటు పుట్టిన తొలినాళ్లలో తెరిచినది. అప్పట్లో ఖాతాలు తెరిచేది లోపలివాళ్లు, వాళ్ల పరిచయస్తులు. ఐపీ చిరునామా పట్టుకుని వెళితే దారి కోస్టారికాలోని కంపెనీ వర్గాల దగ్గరికే చేరింది. కంపెనీ మొదట అలాంటిదేమీ జరగలేదంది. అక్టోబరుకల్లా ఒప్పుకోక తప్పలేదు. అందరి ముక్కలూ కనిపించే ఒక ప్రత్యేక ఖాతా సాఫ్ట్‌వేరులో ఉంది, దాన్ని లోపలి మనిషి వాడుకున్నాడు. ఆ మనిషి పేరు మాత్రం కంపెనీ బయటపెట్టలేదు. పోయిన డబ్బు, సుమారు 16 లక్షల డాలర్లు, ఆటగాళ్లకు తిరిగిచ్చింది. 2008 జనవరిలో లైసెన్సిచ్చిన కమిషన్ 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

అక్కడితో ఆగలేదు. అదే యాజమాన్యం కింద ఉన్న మరో సైటు అల్టిమేట్‌బెట్. 2008 మొదట్లో అక్కడి 'నియోనియో' అనే ఖాతా మీద ఆటగాళ్ల కళ్లు పడ్డాయి. సుమారు 3,000 పంపకాల్లో 3 లక్షల డాలర్లు గెలిచిన ఖాతా అది. ఈసారి ఎవరూ పొరపాటున ఫైలు పంపలేదు. ఎదుటివాళ్ల ముక్కలు చూశాడనడానికి నేరుగా ఆధారం లేదు. ఉన్నదల్లా గెలుపు రేటు ఒక్కటే.

దాన్నే లెక్క కట్టారు. నాణెం నూరుసార్లు ఎగరేస్తే సగటున యాభైసార్లు బొమ్మ పడుతుంది. ఆ యాభైకి అటూ ఇటూ ఊగిసలాట ఎంతన్నదానికి ఒక కొలత ఉంది. గణితంలో దాన్ని ప్రామాణిక విచలనం అంటారు. నూరు నాణేలకు అది 5. అరవై బొమ్మలు పడితే రెండు విచలనాల దూరం, జరుగుతుంటుంది. అరవై అయిదు లేదా అంతకు మించి పడితే మూడు. ఈ నూరు ఎగరేయడాన్ని వెయ్యిసార్లు చేస్తే ఒకటి రెండుసార్లు కనిపించవచ్చు. నూటికి నూరూ బొమ్మే పడితే పది విచలనాలు. నియోనియో గెలుపు మిగతా ఆటగాళ్ల సగటు నుంచి ఉన్న దూరం పదికి తక్కువ కాదని ఆటగాళ్ల లెక్క తేల్చింది. నూరుసార్లు బొమ్మే పడిన నాణేన్ని చూసి అదృష్టమని ఎవరూ అనుకోరు. రెండు వైపులా బొమ్మ ఉందేమోనని తిప్పి చూస్తారు.

తిప్పి చూస్తే తేలింది చాలా పెద్దది. 2009 సెప్టెంబరులో కమిషన్ ఇచ్చిన తుది నిర్ణయం ప్రకారం మోసం 2004 మే నుంచి 2008 జనవరి దాకా సాగింది. తిరిగి చెల్లించాల్సిన సొమ్ము 2 కోట్ల 21 లక్షల డాలర్లు. ప్రధాన బాధ్యుడిగా కమిషన్ పేరు చెప్పింది రస్ హామిల్టన్‌ను. 1994లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన టోర్నమెంటు గెలిచిన మనిషి ఆయన.

ఇక్కడ ఒక చిన్న భాగహారం చేద్దాం. 2 కోట్ల 21 లక్షలను సుమారు 44 నెలలకు పంచితే నెలకు 5 లక్షల డాలర్లు. కమిషన్ అల్టిమేట్‌బెట్‌కు వేసిన జరిమానా 15 లక్షల డాలర్లు. అంటే మూడు నెలల దోపిడీకి సమానం. మూడేళ్ల ఎనిమిది నెలలు దొంగతనం జరిగితే మూడు నెలల సొమ్ము శిక్ష! ముక్కలు చూసి ఆడినందుకు ఏ న్యాయస్థానంలోనూ ఎవరికీ జైలుశిక్ష పడలేదు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కొట్టేసిన సొమ్ము లెక్క డాలర్లతో సహా తేలింది, ఎప్పటినుంచి ఎప్పటిదాకానో నెలలతో సహా తేలింది, అయినా శిక్షించడానికి ఏ దేశమూ లేదు.

ఎందుకు లేదు? ఈ సైట్లకు లైసెన్సిచ్చిన కానవాకె అనేది మాంట్రియల్ నగరానికి ఎదురుగా, సెయింట్ లారెన్స్ నది అవతలి గట్టున ఉన్న మోహాక్‌ల ప్రాంతం. తమ నేలపై తమదే అధికారమన్నది వాళ్ల వాదన, దాని వెనుక వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1996లో వాళ్లు గేమింగ్ చట్టం చేసుకుని కమిషన్ పెట్టుకున్నారు. సర్వర్లు ఉండేది ఆ ప్రాంతపు మండలి సొంత కంపెనీలోనే. అల్టిమేట్‌బెట్, అబ్సల్యూట్ పోకర్‌ల మాతృసంస్థ టోక్వైరో యజమాని జో నార్టన్. 1980 నుంచి 2004 దాకా ఆ ప్రాంతానికి గ్రాండ్ చీఫ్‌గా ఉన్నది ఆయనే. కమిషన్ ఏర్పడింది ఆయన హయాంలోనే. నేనిక్కడ ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు. మోసాన్ని తవ్వి తీసి, డబ్బు వెనక్కి ఇప్పించింది ఆ కమిషనే. కానీ లైసెన్సిచ్చేవారూ, సర్వరు నడిపేవారూ, సైటు యజమానీ ఒకే ఎనిమిది వేల జనాభా మధ్య ఉన్నప్పుడు, మరో ఖండంలో డబ్బు పోగొట్టుకున్నవాడికి తీర్పు మీద నమ్మకం ఎలా కుదురుతుంది? మోసం చేసింది కోస్టారికా, అమెరికాల్లోని మనుషులు. సాఫ్ట్‌వేరు ఒక చోటిది. బాధితులు ఎన్నో దేశాలవాళ్లు. ఏ పోలీసు స్టేషను వాళ్లు 'ఇది మా పరిధి' అంటారు?

ఒక పొరపాటు అభిప్రాయాన్ని ఇక్కడే సరిచేయాలి. ఆన్‌లైన్ క్యాసినో బతకాలంటే మోసం చేయాల్సిన పని లేదు. రౌలెట్ చక్రాన్నే తీసుకోండి. 37 గళ్లు. ప్రతి గడి మీదా వంద రూపాయలు పెడితే 3,700 అవుతుంది. ఏదో ఒక గడి గెలుస్తుంది. పందెంతో కలిపి చేతికొచ్చేది 3,600. వంద రూపాయలు క్యాసినోకు మిగిలాయి. నూటికి 2.7. రెండు సున్నాలున్న అమెరికా చక్రంలో గళ్లు 38, కోత నూటికి 5.26. వెయ్యి రూపాయలు జమచేసి, పందానికి వంద చొప్పున 200 సార్లు ఆడినవాడు మొత్తం 20,000 రూపాయల పందెం కాసినట్టు. అందులో 2.7 శాతమంటే 540. తెచ్చుకున్న వెయ్యిలో సగానికి పైగా పోవడం మామూలు విషయం. నిజాయితీగా తిరిగే చక్రమే ఇంత సంపాదించి పెడుతుంది.

కాబట్టి చక్రం సంగతి ఒక ప్రశ్న, గల్లాపెట్టె సంగతి మరో ప్రశ్న. క్రిప్టో కరెన్సీతో నడిచే కొన్ని సైట్లు, ప్రతి పందెం ఫలితాన్నీ ఆటగాడే లెక్క కట్టి సరిచూసుకోవచ్చని గొప్పగా చెబుతాయి. పందానికి ముందే తాళం వేసిన ఒక సంకేతాన్ని ఇచ్చి, తర్వాత దాని తాళంచెవి ఇస్తారు. గణితం నిజమే, ఫలితాన్ని మధ్యలో మార్చలేదని అది రుజువు చేస్తుంది. గెలిచిన డబ్బు అడిగినప్పుడు ఎవరిస్తారన్నది మాత్రం ఏ సంకేతమూ చెప్పదు. ఫిర్యాదుల్లో ఎక్కువగా కనిపించేది డబ్బు తీసుకునేటప్పటి గొడవే. పాన్, ఆధార్, సెల్ఫీ, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి చిరునామా అన్నీ ఇవ్వమంటారు. ఆటగాడు తన బతుకంతా బల్ల మీద పరుస్తాడు. అవతలి నుంచి వచ్చేది 'సపోర్ట్' అనే మాట, ఇంటిపేరు లేని ఒక పేరు.

మన ఊళ్లలో పేకాట శిబిరం మీద దాడి జరిగితే ఎవరి తోటలో ఆడారో, ఎవరు ఆడించారో, ఎవరి వాటా ఎంతో తెల్లారేసరికి పేపర్లో వస్తుంది. నేరమే అయినా దానికో మనిషి ఉంటాడు. ఆన్‌లైన్ క్యాసినోలో ఆ మనిషిని పొరలు పొరలుగా దాస్తారు. పైన కనిపించేది బ్రాండు, అంటే వెబ్‌సైటు పేరు. దాని కింద లైసెన్సున్న కంపెనీ. డబ్బు పుచ్చుకునేది మరో దేశంలోని మరో కంపెనీ. ఆటల సాఫ్ట్‌వేరు వేరొకరిది. ఆటగాళ్లను పట్టుకొచ్చే ఏజెంట్లు వేరు. మీరు పోగొట్టుకున్నదాంట్లో వాళ్లకు శాతం వెళ్లడం మామూలు. డైరెక్టరుగా సంతకం చేసేది అలాంటి సేవలు అమ్ముకునే సంస్థ పంపిన మనిషి. అసలు లాభం ఎవరి జేబులోకి వెళుతుందో ఆ పేరు ఈ కాగితాల్లో దేనిమీదా ఉండనక్కర్లేదు.

ఈ పొరలకు చాలా కాలం పెట్టని కోటగా ఉన్నది కరేబియన్ సముద్రంలోని కురసావ్ ద్వీపం. 444 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడిన నాటి హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కంటే చిన్నది. జనాభా లక్షన్నర. నెదర్లాండ్స్ రాజ్యంలో భాగం. 1993లో చేసిన చట్టం ఆధారంగా అక్కడి ప్రభుత్వం కొన్ని సంస్థలకు మాస్టర్ లైసెన్సులిచ్చింది. చివరికి మిగిలినవి నాలుగు. ఆ నాలుగూ తమ కింద ఎంతమందికైనా ఉపలైసెన్సులు అమ్ముకోగలిగేవి. సైటు అడుగున ఒక ముద్ర, '8048/జేఏజెడ్' లాంటి ఒక నంబరు, 'లైసెన్సు పొందినది' అన్న మాట కనిపించేవి. చూసినవాళ్లకు అది ప్రభుత్వ హామీలా ఉండేది. నిజానికి ప్రభుత్వం లైసెన్సిచ్చింది నలుగురికే. కింద ఆడించేవాడి మంచిచెడ్డలు చూడాల్సింది ఉపలైసెన్సు అమ్మిన ప్రైవేటు కంపెనీ, అంటే ఆ ఆడించేవాడే ఎవరికి ఖాతాదారో ఆ కంపెనీ. ఆటగాడు ఫిర్యాదు చేయాలన్నా తలుపు తట్టాల్సింది అక్కడే.

ఒక కేసు ఈ ఏర్పాటు ఎలా పనిచేసేదో చూపించింది. రష్యన్లు 2007లో మొదలుపెట్టిన 1ఎక్స్‌బెట్ ప్రపంచమంతా తెలిసిన పందేల బ్రాండు. 2019లో బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్న సంస్థ. గెలిచిన డబ్బు ఇవ్వలేదని కొందరు ఆటగాళ్ల తరఫున ఒక ఫౌండేషన్ కురసావ్ కోర్టుకెక్కింది. సైటు నడిపే 1ఎక్స్‌కార్ప్ అనే కంపెనీ దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించింది. అప్పీలు నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023 జనవరిలో వీగిపోయింది. ఆటగాళ్లు గెలిచారు. సైటు మాత్రం వేరే కంపెనీ పేరు మీద నడుస్తూనే ఉంది. కోర్టు తలుపు మూసింది కంపెనీకి, వ్యాపారానికి కాదు. బ్రాండు ఒక చోట, బాధ్యత ఒక చోట ఉంటే ఇలాగే అవుతుంది.

మార్పు బయటి ఒత్తిడితోనే వచ్చింది. కరోనా కాలంలో కురసావ్ అప్పు కోసం నెదర్లాండ్స్‌ను అడిగినప్పుడు, జూదపు లైసెన్సుల పద్ధతి మార్చాలన్నది షరతుల్లో ఒకటైంది. 2024 డిసెంబరు 17న అక్కడి పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది, వారానికల్లా అది అమల్లోకొచ్చింది. మాస్టర్ లైసెన్సులు పోయాయి. ప్రతి సైటూ నేరుగా ప్రభుత్వ సంస్థ నుంచే లైసెన్సు తీసుకోవాలి, అసలు యజమానులెవరో ఆ సంస్థకు చెప్పాలి. ఏడాదికి రుసుము 47 వేల యూరోలకు పైగా. రోజుకు 130 యూరోలు పడుతుంది. రోజూ లక్షలు తిరిగే సైటుకు ఇది టీ ఖర్చు. రుసుము పెంచితే దొంగలు పారిపోతారనుకోవడం భ్రమ. పేరు చెప్పించడమే అసలు మందు.

అయితే పేరు తెలిస్తే చాలా? చాలదని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. ఫుల్ టిల్ట్ పోకర్ యజమానుల్లో టీవీలో కనిపించే ప్రసిద్ధ ఆటగాళ్లున్నారు. వాళ్ల ముఖాలతోనే ప్రకటనలు చేసేవాళ్లు. లైసెన్సు ఇంగ్లిష్ చానల్‌లోని ఆల్డర్నీ అనే, రెండు వేల జనాభా ఉన్న ద్వీపానిది. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ మూడు పెద్ద పోకర్ సైట్ల మీద కేసు పెట్టింది. ఆటగాళ్లు తమ డబ్బు వెనక్కి అడిగారు. అప్పుడు తెలిసింది, ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లకు ఇవ్వాల్సింది సుమారు 39 కోట్ల డాలర్లు, బ్యాంకులో ఉన్నది సుమారు 6 కోట్లు. ఇవ్వాల్సిన ప్రతి వందకూ గల్లాలో పదిహేను. అంతకుముందు నాలుగేళ్లలో యజమానులు పంచుకున్నది 44 కోట్ల డాలర్లకు పైగా. ఆల్డర్నీ కమిషన్ లైసెన్సు సస్పెండ్ చేసింది జూన్ 29న, అమెరికా కేసు పెట్టిన పదకొండు వారాలకు. అందరూ ఎరిగిన మనుషులు, చట్టబద్ధమైన లైసెన్సు, అయినా డబ్బు లేదు. ఆటగాడి జమకూ కంపెనీ ఖర్చుకూ మధ్య గోడ కట్టాలన్న నియమం లేకపోతే పేరు తెలిసినా ప్రయోజనం లేదు.

ఇక్కడ మరో అంకె కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మంచి వార్త. 2012లో పోకర్‌స్టార్స్ 73.1 కోట్ల డాలర్లకు అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుని ఫుల్ టిల్ట్ ఆస్తులు తీసుకుంది. ఆ ఒప్పందం వల్ల ఆటగాళ్లకు డబ్బు తిరిగొచ్చింది. 2011 ఏప్రిల్‌లోనే కుప్పకూలిన అబ్సల్యూట్ పోకర్ ఆటగాళ్లు ఆరేళ్లు ఎదురుచూశారు. 2017లో అమెరికా న్యాయశాఖ, జప్తు చేసిన సొమ్ము నుంచి వాళ్లకూ చెల్లించింది. అమెరికావాళ్లకు మాత్రమే. మిగతా దేశాల అబ్సల్యూట్ ఆటగాళ్ల గురించి అడగడానికి ఎవరూ లేరు.

బ్రిటన్ పద్ధతి వేరు. అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ తన రిజిస్టరును ఎవరైనా చూసేలా ఉంచింది. సైటు పేరు కొడితే లైసెన్సుదారు ఎవరో, ఏయే వెబ్ చిరునామాలు వాళ్లవో, ఎప్పుడెప్పుడు శిక్ష పడిందో కనిపిస్తాయి. కీలక పదవుల్లో ఉన్నవాళ్లు తమ సొంత పేరు మీద విడిగా లైసెన్సు తీసుకోవాలి. అంటే కంపెనీ తప్పుచేస్తే ఒక మనిషి జీవనోపాధి కూడా పణంగా ఉంటుంది. ఆటగాళ్ల సొమ్ముకు రక్షణ ఏ స్థాయిలో ఉందో సైటే చెప్పాలి: రక్షణ లేదు, మధ్యస్థం, అధికం. 'రక్షణ లేదు' అని రాసి కూడా వ్యాపారం చేసుకోవచ్చు. నాకది నచ్చదు, కానీ కనీసం ఆ మాట ముందే రాతలో ఉంటుంది. 2022లో ఎంటైన్ సంస్థ 1.7 కోట్ల పౌండ్లు, 2023లో విలియం హిల్ సంస్థలు 1.92 కోట్ల పౌండ్లు కట్టాయి, వ్యసనపరులను గమనించకపోవడం, నల్లధనం మీద నిఘా లేకపోవడం వంటి లోపాలకు. మొత్తాలు సరిపోతాయా అన్నది వేరే వాదన. కట్టినవారి పేరు, తేదీ, కారణం బహిరంగంగా ఉన్నాయి.

మన దగ్గరి లెక్కలకు వద్దాం. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 132 సైట్లను, యాప్‌లను ఆపమని కేంద్రాన్ని కోరింది. సైటును ఆపడమంటే ఒక వెబ్ చిరునామాను ఆపడం. చుక్క పక్కన ఒక అంకె మార్చి కొత్త చిరునామాతో రావడానికి ఎంతసేపూ పట్టదు. 2025 మార్చి నాటికి జీఎస్టీ నిఘా విభాగం 357 చిరునామాలను ఆపించింది. దాని దృష్టిలో ఉన్న విదేశీ సంస్థలు సుమారు 700. అదే ఏడాది ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేసినవాడికి రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు, ఇది సరైన నిర్ణయమని నేననుకుంటాను.

ఆ బిల్లు సమయంలో ప్రభుత్వం చెప్పిన అంచనా, ఏటా 45 కోట్లమంది సుమారు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని. భాగిస్తే తలా 444 రూపాయలు. వినడానికి ఒక సినిమా టికెట్టు, కాస్త తినుబండారం. కానీ జూదంలో నష్టం అందరికీ సమానంగా పడదు. కోట్లమంది వంద, రెండు వందలతో ఆపేస్తారు. కొందరు పొలం అమ్ముతారు, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు తీస్తారు, లోన్ యాప్‌లో అప్పు చేస్తారు. 444 అనే సగటులో ఆ ఇళ్లు కనిపించవు.

హైదరాబాద్‌కు సంబంధించిన ఒక కేసు అంకెలు మరీ స్పష్టంగా ఉన్నాయి. 2020 ఆగస్టులో నగర పోలీసులు రంగుల మీద పందెం కాయించే ఒక ఆన్‌లైన్ ముఠాను పట్టుకున్నారు. ఏ రంగు వస్తుందో చెప్పాలి, అంతే ఆట. సభ్యుల్ని టెలిగ్రామ్ గ్రూపుల్లో చేర్చుకునేవారు, సైటు చిరునామా మారుతూ ఉండేది, గ్రూపులో ఉన్నవాళ్లకే కొత్తది తెలిసేది. పోలీసులు లెక్కగట్టిన లావాదేవీలు సుమారు 1,100 కోట్ల రూపాయలు. అరెస్టయినవారిలో ఒక చైనా జాతీయుడున్నాడు. కంపెనీలు ఢిల్లీలో రిజిస్టరయ్యాయి. కేసు దర్యాప్తు చేసిన ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) చెప్పినదాని ప్రకారం, మొదట డమ్మీ భారతీయ డైరెక్టర్లతో కంపెనీ పెట్టడం, కొన్నాళ్లకు చైనావాళ్లు వచ్చి డైరెక్టర్లుగా చేరడం పద్ధతి. ఈడీ స్తంభింపజేసిన సొమ్ము 46.96 కోట్లు. 1,100 కోట్లు తిరిగిన చోట చేతికి చిక్కింది నూటికి నాలుగు రూపాయలకు కొంచెం పైన.

ఇప్పుడు ముఠాలకు కంపెనీ పెట్టే శ్రమ కూడా లేదు. అద్దె ఖాతాలు దొరుకుతున్నాయి. జీఎస్టీ నిఘా విభాగం ఒక చర్యలో, సైట్లలో కనిపించిన యూపీఐ ఐడీల ఆధారంగా 392 బ్యాంకు ఖాతాలను పట్టుకుని అందులోని 122.05 కోట్ల రూపాయలు కదలకుండా ఆపింది. ఖాతాకు సగటున 31 లక్షలు. ఈ ఖాతాలు సాధారణంగా ఎవరివో తెలుసా? చదువు అయిపోయి పని దొరకని కుర్రాడివి, చిన్న కొట్టు పెట్టుకున్న మనిషివి. ఏటీఎం కార్డు, సిమ్ము, పాస్‌వర్డు ఇస్తే నెలకింత అని ఎవరో స్నేహితుడి స్నేహితుడు చెబితే ఇచ్చేసినవాళ్లవి. డబ్బు వచ్చిన గంటలో మరో ఖాతాకు, అక్కణ్ణుంచి క్రిప్టోలోకి వెళ్లిపోతుంది. పోగొట్టుకున్నవాళ్లు సైబర్ నేరాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేస్తారు. పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వస్తారు. పొరల్లో పైన ఉన్నవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు, కింద ఉన్న ఈ కుర్రాడి పేరు, ఫొటో, ఆధార్, ఇంటి నంబరు అన్నీ బ్యాంకులో ఉన్నాయి. నోటీసు ఆ ఇంటికే వెళుతుంది.